పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా

మలక్‌పేట,
హైదరాబాద్.

చిరంజీవి చిన్నికి,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఆదివారం పొద్దున మూసీ ఒడ్డున చేసిన వారసత్వ నడక గురించి రాసిన నాలుగు ముక్కలూ చదివాను. "పాత వంతెన బాగుంది, హైకోర్టు బాగుంది, నది మాత్రం ఒకటే కంపు. అంతకన్నా చూసేదేం లేదత్తా" అన్నావు. కంపు సంగతి నిజమే. ఆ చివరి మాట మాత్రం నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. ఫోన్‌లో చెప్పబోతే సగంలోనే నీకు క్లాసుకు వేళవుతుంది. అందుకే కాగితం తీశాను. తీరిగ్గా చదువుకో.

నా ఉద్యోగమంతా ఆ ఒడ్డునే గడిచిందని నీకు తెలుసు. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం మెట్లు దిగి రోడ్డు దాటితే నది. వానాకాలంలో ఎర్రగా, మిగతా కాలాల్లో నల్లగా పారేది. దానికి వీపు పెట్టి పుస్తకాలు సర్దుకుంటూ ఎన్నో ఏళ్లు పనిచేశాను. ఆ పుస్తకాల్లోనే మెల్లమెల్లగా దాని కథ దొరికింది. ఇప్పుడు అది నీ చేతిలో పెట్టాలని నా కోరిక.

నీ ఫొటోల కింద నువ్వే ఏళ్లు వేశావు. హైకోర్టు 1920. ఉస్మానియా ఆసుపత్రి 1925. మా గ్రంథాలయం 1936. అటు పురానాపూల్‌ను, ఇటు కోఠీ రెసిడెన్సీని కాసేపు పక్కన పెట్టి మిగిలిన ఏళ్లు మళ్లీ చదువు. అన్నీ ఒక్క తరంలో పడ్డాయి. అంతకు ముందు ఆ ఒడ్డంతా ఇరుకు సందులు, పెంకుటిళ్లు, బజార్లు. ఇంత పెద్ద ఊరు ఉన్నట్టుండి తన నది ఒడ్డును ఖాళీ చేసి, గోడ కట్టి, తోటలు వేసి, తన అతి పెద్ద భవనాలను తెచ్చి అక్కడ ఎందుకు నిలబెట్టింది? ఈ ప్రశ్న నువ్వు అడగలేదు. నడక చేయించినవాళ్లు కమానుల గురించి, గుమ్మటాల గురించి చెప్పి ఉంటారు. రెండు గంటల్లో వాళ్లు మాత్రం ఏం చెప్పగలరు? కానీ ఆ వరసంతటికీ వెనక ఒకే ఒక్క రాత్రి ఉంది బిడ్డా. అది తెలిస్తే తప్ప ఆ రాళ్లు మాట్లాడవు.

1908 సెప్టెంబరు 28, సోమవారం. అంతకు ముందు నుంచీ వాన విడవలేదు. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12.8 అంగుళాలు, రెండు రోజులకు కలిపి 18.9 అంగుళాలు కురిసినట్టు రికార్డయింది. ఇప్పటి కొలతలో 48 సెంటీమీటర్లు. చీకటి ఉండగానే నది పొంగి బస్తీల్లోకి వచ్చేసింది. కోల్సావాడి అనే బస్తీ దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. అఫ్జల్ వంతెన, ముస్లింజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ దెబ్బతిన్నాయి. సుమారు 15,000 మంది పోయారని అంచనా. ఎక్కువమంది ఒడ్డునే బతికే పేదలు, నిద్రలో ఉన్నవాళ్లు. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. నువ్వు నడిచిన దారిలో రాజుల పేర్లు, దివానుల పేర్లు, ఇంజనీర్ల పేర్లు కనిపిస్తాయి. నా మనసుకు ఎప్పుడూ కష్టంగా తోచేది ఇదే.

ఒక్క ఇంటి సంగతి మాత్రం మనకు మిగిలింది, ఆ ఇంట్లో ఒక కవి ఉన్నాడు కనుక. అమ్జద్ హైదరాబాదీ. ఉర్దూ రుబాయీలకు దేశమంతా పేరుపడ్డ మనిషి. ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ ముగ్గురినీ పోగొట్టుకున్నాడు. ఆయనొక్కడే బయటపడ్డాడు. తరువాత ఆ రోజు మీద ఒక పెద్ద కవిత రాశాడు. 1961 దాకా బతికాడు. అంటే ఆ నీళ్లను గుండెలో పెట్టుకుని ఇంకో అర్ధ శతాబ్దం అదే ఊళ్లో తిరిగాడన్నమాట. పేర్లు లేని వేలమంది తరఫున కూడా ఆయనే రాశాడని నేను అనుకుంటాను. సరోజినీ నాయుడు ఈ వరద బాధితులకు చేసిన సేవకే కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. జలియన్‌వాలా బాగ్ తరువాత దాన్ని తిప్పి పంపేసిందని స్కూలు పుస్తకంలో చదువుకుని ఉంటావు. ఆ పతకం మొదట మూసీ బురదలోంచి వచ్చిందని మాత్రం ఆ పుస్తకంలో ఉండదు.

ఇక చెట్టు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, నది వైపు తోటలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. మీ నడకలో చూపించారో లేదో. నీ ఫొటోల్లో లేదు. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఇప్పటికీ ఏటా సెప్టెంబరు 28న కొందరు అక్కడికి చేరి పోయినవాళ్లను తలుచుకుంటారు. చెట్టు మొదలు దగ్గర నిలబడి పైకి చూడు. మొదలంతా ముడతలు, బొడిపెలు. కాలు పెట్టడానికి అవే మెట్లు. కింది కొమ్మను అందుకోవాలంటే నీ ఎత్తు మనిషికి కూడా ఒకరు భుజమివ్వాలి. అంటే పైకి ఎక్కిన ప్రతి మనిషికీ కింద నడుం లోతు నీళ్లలో నిలబడి ఎత్తినవాడు ఒకడుండాలి. నేను ఆ చెట్టు కిందికి వెళ్లినప్పుడల్లా ఆ ఎత్తిన చేతుల గురించే ఆలోచిస్తాను. హైకోర్టు గుమ్మటం కన్నా ఈ మొదలు నాకు పెద్ద స్మారకం.

ఆ చెట్టున్నచోట అంతకు ముందు కూడా ఆసుపత్రే ఉండేది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి అనేవారు. వరద దాన్ని తీసుకుపోయింది. దాంతోపాటు ఒక గొప్ప సంగతి కూడా జనం మాటల్లోంచి కొట్టుకుపోయింది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే క్లోరోఫారం ఎక్కువైతే గుండె ముందు ఆగుతుందా, ఊపిరి ముందు ఆగుతుందా అని అప్పట్లో ప్రపంచమంతా వాదులాడుకునేది. దాన్ని తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో, 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్‌లోనే పరీక్షలు జరిగాయి. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన వైద్యుడు ఓడెక్కి వచ్చాడు. హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్ అంటే వైద్యశాస్త్ర చరిత్ర చదివినవాళ్లకు అన్ని దేశాల్లోనూ తెలుసు. ఇప్పటి ఆసుపత్రి ముందు మిర్చి బజ్జీలు తినే మనకు తెలియదు.

నీకు మరీ చెప్పాలనుకున్న మనిషి ఒకామె ఉంది. రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చేరిన తొలి ఆడపిల్లల్లో ఒకరు. చదువు ముగించి, రోగులకు మత్తు ఇచ్చే పనిలో చేయి తిరిగింది. తరువాత పైచదువుకు ఎడిన్‌బరో వెళ్లింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని ఇప్పుడు ఆమెను చెప్పుకుంటారు. ఇంజనీరింగ్ క్లాసులో మేం పట్టుమని పదిమంది ఆడపిల్లలమే అని నువ్వు ఒకసారి వాపోయావు. ఈ ఒడ్డున ఆ రోజుల్లోనే ఒక పిల్ల అలాంటి క్లాసులో కూర్చుని, చదువు ముగించుకుని, తన పని తాను చేసుకుపోయింది. ఆమె పేరు మీద ఆ ఒడ్డున ఒక చిన్న రాయి అయినా ఉండాలని నా ఆశ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు సివిల్ చదువుతున్నావు కాబట్టి ఇది నీ సొత్తు.

వరద తరువాత ఏడాది, 1909లో, ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ఊళ్లో నదిని చూసి ఊరుకోలేదు. నదికి నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో వెతుక్కుంటూ పైకి వెళ్లాడు. అనంతగిరి గుట్టల దాకా ఉన్న పరివాహక ప్రాంతంలో చెరువులు లెక్కపెడితే 788 తేలాయి. ఇంచుమించు ఒక్కో చదరపు మైలుకు ఒక చెరువు. వాటిలో 221 ఆ వానకు తెగిపోయాయి. పెరిగిన నది సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల ప్రవాహంతో ఊరి మీద పడిందని ఆయన లెక్క కట్టాడు. అంటే సెకనుకు 1.2 కోట్ల లీటర్లు. ఇంత నీరు ఆకాశం నుంచి తిన్నగా ఊరి మీద పడలేదు బిడ్డా. గొలుసుకట్టు చెరువు తెగితే ఏమవుతుందో మన పల్లె మనుషులందరికీ తెలుసు. పై చెరువు గండి పడిందంటే దాని నీళ్లన్నీ ఒక్క ఊపున కింది చెరువు మీద పడతాయి. కింది చెరువు అలుగు ఆ ఉరవడికి చాలదు. కట్ట పైనుంచి నీళ్లు దూకుతాయి. మట్టికట్ట పైనుంచి నీళ్లు దూకాయంటే ఇక అది నిలవదు. అలా ఒకదాని వెనక ఒకటి.

మన ఊళ్లో, నా చిన్నతనంలో, పెద్ద వాన రాత్రి చెరువును కాచే నీరటి కట్ట మీద ఎలా తిరిగేవాడో నేను చూశాను. మీ తాతతో కలిసి గొంగడి కప్పుకుని వెళ్లాను. నీరటి చేతిలో లాంతరు ఉండేది కానీ కళ్లతో చూసేది తక్కువ. చెప్పులు విడిచి, కట్ట అవతలి వాలు మీద అరికాలితో తడుముతూ నడిచేవాడు. నేల మెత్తగా దిగితే ఆగి, వంగి, ఊరుతున్న నీటిని దోసిట్లోకి తీసుకుని లాంతరు దగ్గర పెట్టి చూసేవాడు. తేటగా ఉంటే భయం లేదనేవాడు. చెరువన్నాక ఊట ఉంటుంది. నీళ్లలో మట్టి రంగు కలిసిందా, వెంటనే ఊళ్లోకి కేక వేసేవాడు. కట్ట లోపల మట్టి కొట్టుకొస్తోందని, లోపల సన్నటి దారి పడుతోందని దాని అర్థం. అప్పుడు జనం కంపమండలు, గడ్డి, మట్టి మోసుకుని పరిగెత్తేవాళ్లు. దీన్నే మీ క్లాసులో ఇంకేదో పేరుతో, సూత్రాలతో చెబుతారు. నీరటికి ఆ పేరు తెలియదు. చెరువును మాత్రం తన దోసిట్లో పెట్టుకుని చదివేవాడు.

1908లో ఆ 221 కట్టల మీదా ఇలాంటి మనుషులు ఉండే ఉంటారు. వాళ్ల కేకలు ఊరి దాకా వినిపించే దారి లేదు. ఊరు తన వాన తాను చూసుకుంది తప్ప, పైన శంషాబాద్ చెరువుల మీద పడుతున్న వాన తన మీదికే వస్తుందని తలచలేదు. హైదరాబాద్ చరిత్రలో మనం పట్టించుకోని అసలు పేజీ ఇదే అని నేను నమ్ముతాను. నది చరిత్ర నది ఒడ్డున లేదు. పైన, చెరువుల్లో ఉంది.

విశ్వేశ్వరయ్య చెప్పిన మందు కూడా పైనే మొదలైంది. మూసీ మీద ఒక జలాశయం, దానిలో కలిసే ఈసీ మీద ఇంకొకటి కట్టి, వరదను అక్కడే పట్టి ఉంచి, మెల్లగా వదలాలన్నాడు. మొదటిది ఉస్మాన్‌సాగర్, మనం గండిపేట అనేది, 1920లో పూర్తయింది. రెండోది హిమాయత్‌సాగర్, 1927లో. ఊరికి మంచినీళ్లు కూడా అక్కడినుంచే వచ్చాయి. ప్రాణం తీసిన నీటినే పట్టి తాగే నీరుగా మలుచుకున్నారు. ఊళ్లోకి వచ్చేసరికి ఇరువైపులా గట్లు ఎత్తు చేయాలని, ఒడ్డున తోటలు, విశాలమైన బాటలు వేయాలని, మురుగును నదిలో కలవనివ్వకుండా వేరే దారి పట్టించాలని ఆయన సలహా. 1912లో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ నగరాభివృద్ధి సంస్థను పెట్టాడు. కలకత్తా నుంచి విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పిని రప్పించారు. హైకోర్టు, ఆసుపత్రి, సిటీ కాలేజీ, అటు కాచిగూడ స్టేషన్, ఇవన్నీ ఆయన చేతిమీదుగా నడిచిన పనులే. నువ్వు మెచ్చుకున్న గుమ్మటాలు ఆ వరద ఖాళీ చేసిన నేల మీద లేచాయి. ఇక్కడ ఒకటి మరిచిపోకు. ఖాళీ అయిన ఆ నేల మీద అంతకు ముందు మనుషులుండేవాళ్లు.

ఆ ఊరి పాలకుల గుండె ఎలా కదిలిందో కూడా చెప్పాలి. వరద నాటి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బాధితుల కోసం తన దేవిడీల తలుపులు తెరిపించాడు, గంజి పోయించాడు. పండితులు చెబితే పళ్లెంలో పసుపు కుంకుమలతో మూసమ్మకు పూజ చేసి శాంతించమని వేడుకున్నాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊరి దుఃఖంలో ఏ మతం వాళ్లు ఎవరన్న లెక్క లేకపోయిందనడానికి జనం దాచుకున్న గుర్తు అది.

పురానాపూల్ గురించి కొంచెం. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. హైదరాబాద్ పుట్టింది 1591లో. అంటే ఊరికన్నా ముందే వంతెన ఉంది. గోల్కొండ కోట నుంచి కార్వాన్ మీదుగా సరుకుల బండ్లు ఏ రుతువులోనైనా తూర్పుకు దాటడానికి అది దారి. భాగమతి కోసం కట్టించారనే ప్రేమకథ నీకు నడకలో తప్పక చెప్పి ఉంటారు. వినడానికి బాగుంటుంది. కానీ వంతెన కట్టేనాటికి ఆ కథలోని ప్రియుడు, ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఇంకా పసివాడు, పదమూడేళ్లు నిండీ నిండనివాడు. నాకు ఆ కథకన్నా ఆ వంతెన కట్టించిన మనిషే ఆసక్తి. ఇబ్రహీం గద్దెనెక్కకముందు విజయనగరంలో తలదాచుకుని తెలుగు రుచి మరిగినవాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యం అదే. పటాన్‌చెరు వైపు పుట్టిన ఆ కావ్యానికీ, ఈ వంతెనకూ మధ్య ఎన్నో ఏళ్ల దూరం లేదు. వరదకు మిగతా వంతెనలన్నీ దెబ్బతిన్న రోజున రెండు ఒడ్లనూ కలిపి ఉంచింది ఈ ముసలిదే. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతారు. టమాటాల బుట్టల వెనక ఉన్న ఆ గోడ మీద చేయి వేసి చూడు. నాలుగు వందల ఏళ్ల కిందటి బండరాయి పొద్దుటి పూట ఎంత చల్లగా ఉంటుందో! అది అలాగే మార్కెట్‌గా, జనంతో కళకళలాడుతూ ఉండాలి తప్ప కంచె వేసి బోర్డు పెట్టకూడదని నా అభిప్రాయం. పక్కనే ఉన్న పురానాపూల్ దర్వాజాను కూడా దాటేసి ఉంటావు. పాత నగరం చుట్టూ ఉన్న ప్రాకారం దర్వాజాల్లో ఇప్పటికి నిలిచినవి ఇదీ, దబీర్‌పురాదీ మాత్రమే.

మీ నడక ముగిసిన చోటు, చాదర్‌ఘాట్ పక్కన కోఠీ రెసిడెన్సీ. అక్కడ బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న కిర్క్‌పాట్రిక్, ఆయన పెళ్లాడిన ఖైరున్నీసాల కథ చెప్పి ఉంటారు. అదే ఇంటి మీదికి 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులను కూడగట్టుకుని దండెత్తిన సంగతి చెప్పారా? తుర్రెబాజ్‌ను తూప్రాన్ దగ్గర చంపారు, మౌల్వీని అండమాన్ పంపారు. ఆ ప్రహరీ లోపల ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం ఉంది. కోఠీలో బస్సు కోసం నిలబడే నీ వయసు పిల్లలు తుర్రెబాజ్ పేరున్న రోడ్డు మీదే నిలబడతారు. ఇంకో నాలుగడుగులు వేస్తే సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1901లో, తెలుగు పుస్తకం చేతబట్టుకోవడమే ఒక సాహసమైన ఊళ్లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వంటివాళ్లు మొదలుపెట్టిన పుస్తకాల ఇల్లు. దాన్ని చూడకుండా తెలుగు పిల్లవు ఇంటికి వచ్చేశావని తెలిసి నాకు కష్టమేసింది. ఈసారి లోపలికి వెళ్లి ఒక్క పుస్తకమైనా తెరువు.

కంపు సంగతి ఒప్పుకుంటానన్నాను కదా. విశ్వేశ్వరయ్య వద్దన్నదే జరిగింది. ఊరి మురుగంతా నదిలోకే వదిలాం. మన ఊరి దాకా, సూర్యాపేట దాకా, కత్వల కింద పొలాల్లోకి ఆ నీళ్లే పోతాయి. ఇక్కడ ముక్కు మూసుకుని వంతెన దాటేస్తాం. అక్కడ అదే నీళ్లలో దిగి నాట్లు వేస్తారు. పైన చెరువుల శిఖం భూముల్లో ఇళ్లు లేచాయి. జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలు వద్దని 1996లో 111 నంబరు జీవో తెచ్చారు. 2022లో దాన్ని సడలించారు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను నది నడుమనే కట్టుకున్నాం. 2025 సెప్టెంబరు చివరి వారంలో, అంటే ఆ పాత వరద వచ్చిన రోజుల్లోనే, జలాశయాల గేట్లెత్తితే ఆ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చి రాత్రిపూట ప్రయాణికులను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది చాదర్‌ఘాట్ పక్కన మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద అధికారులు కూల్చివేత కోసం ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. నది బాగుపడాలని నాకూ ఉంది, గట్టిగా ఉంది. కానీ ఒడ్డు ఖాళీ చేసినప్పుడల్లా ముందుగా లేచిపోవలసింది పేదవాళ్లే అయితే, పైన చెరువులు మింగినవాళ్లు హాయిగా ఉంటే, అది నదికి చేసిన న్యాయం అనిపించుకోదు. రేపు నీలాంటి ఇంజనీర్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఈ మాట ఎవరో ఒకరు అనాలి. అది నువ్వే కావాలని నాకు ఉంది.

అందుకని నీకొక పని చెబుతాను. ఈసారి నడక కిందినుంచి కాకుండా పైనుంచి చెయ్యి. లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్‌కు పో. ఈసీ వచ్చి మూసీలో కలిసే సంగమం అది. 1948లో గాంధీ అస్థికలు కలిపింది అక్కడే. నిలబడి రెండు నీళ్ల రంగూ చూడు. అక్కడినుంచి గండిపేట కట్ట. తరువాత శంషాబాద్ వైపు ఏదైనా ఒక చెరువు పట్టుకో, పెద్దదే కానక్కర్లేదు. కట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడువు. తూము ఎక్కడుంది, మత్తడి ఎక్కడుంది, మత్తడి దుంకిన నీళ్లు ఏ వాగులోంచి ఏ చెరువులోకి పోవాలి, ఆ దారిలో ఇప్పుడు ఏముంది, ఇవన్నీ నోటుబుక్కులో గీసుకో. ఫొటోలు తీస్తే సరిపోదు, చేత్తో గియ్యి. అక్కడ గొర్లు కాసేవాళ్లో, చేపలు పట్టేవాళ్లో దొరికితే, పెద్ద వానకు నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడుగు. వాళ్లు చెట్టునో, గుడి మెట్టునో చూపిస్తారు. ఆ ఎత్తు కొలిచి, తారీఖు వేసి రాసుకో. ఒక్కదానివి వెళ్లకు, స్నేహితురాళ్లను తీసుకుపో. నీళ్ల సీసా, టోపీ మరిచిపోకు. మత్తడి రాళ్ల మీద పాకుడు ఉంటుంది, జాగ్రత్త.

దీపావళి సెలవులకు ఆ నోటుబుక్కు పట్టుకుని ఇక్కడికి రా. 1951లో వచ్చిన విశ్వేశ్వరయ్య ఆత్మకథ నా అలమరలో ఉంది, మూసీ పని గురించి ఆయన రాసిన భాగం దగ్గర కాగితం ముక్క పెట్టి ఉంచాను. నీ లెక్కలూ ఆయన లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని ఇద్దరం కూర్చుందాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? నాన్నను అడిగినట్టు చెప్పు. సర్వపిండికి బియ్యప్పిండి పట్టించి పెడతాను.

ఆశీస్సులతో,
మీ అత్త